చురుకైన పిల్లలకు కావలసింది సిలబస్ తొందర కాదు

ఆరో తరగతిలో ఎక్కాలు ఒప్పజెప్పించుకుంటున్న ఒక రోజు, ఒక అమ్మాయి మధ్యలో లేచి, "సార్, ఏడేడులు నలభై తొమ్మిది. ఒక పక్క ఒకటి తగ్గించి, ఇంకో పక్క ఒకటి పెంచితే ఆరెనిమిదులు నలభై ఎనిమిది, ఒకటి తక్కువ. ఐదు తొమ్మిదులకు నాలుగు తక్కువ, నాలుగు పదులకు తొమ్మిది తక్కువ. ఇలా ఎందుకొస్తోంది?" అని అడిగింది. దీని వెనకున్న (a + b)(a − b) = a² − b² సూత్రం బీజగణితంలో ఎనిమిదో తరగతికి గానీ రాదు. దాన్ని అప్పుడే చెప్పేస్తే ప్రశ్న అక్కడితో ఆగిపోతుంది కనుక, చింతగింజలను ఏడేసి చొప్పున ఏడు వరుసలు పేర్చి, ఒక వరుస తీసి పక్కన నిలువుగా పెట్టి చూడమన్నాను. ఒక గింజ మిగిలింది. రెండు వరుసలు తీసి పెడితే మిగిలిన నాలుగు గింజలు చిన్న చదరంగా అమరాయి. మూడో సారి గింజలు ముట్టుకోకుండానే తొమ్మిదని చెప్పేసింది.

ఇలాంటి పిల్లలు కనబడగానే మన దగ్గర జరిగేది ఒక్కటే: ఐఐటీ ఫౌండేషన్ బ్యాచ్‌లో వేసి, పదో తరగతి పాఠాన్ని ఏడులోనే నూరిపోయడం. దానివల్ల వేగం వస్తుందనడంలో అనుమానం లేదు. అయితే జేఈఈ మెయిన్‌లో మూడు గంటలకు 75 ప్రశ్నలుంటే, గణిత ఒలింపియాడ్ ప్రాంతీయ పరీక్షలో అదే మూడు గంటలకు ఆరే ప్రశ్నలుంటాయి. మొదటిది చూడగానే దారి తట్టే నేర్పును కోరుతుంది, రెండోది అరగంటసేపు దారి తెలియకుండా కూర్చోగల ఓపికను కోరుతుంది. పన్నెండేళ్లు నిండని పిల్లలకు ఆ ఓపిక అలవడనివ్వకుండా వేగం ఒక్కటే నేర్పడం నాకు నచ్చదు. (చుట్టాలొచ్చినప్పుడల్లా పిల్లవాణ్ణి నిలబెట్టి ఇరవై మూడో ఎక్కం అప్పజెప్పించే తల్లిదండ్రుల గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది.)

ఒక విషయంలో అసాధారణంగా ఉన్న పిల్లలు అన్నింటిలోనూ ముందుండాలనుకోవడం కూడా అన్యాయమే. లెక్కల ధ్యాసలో మిగిలిన సబ్జెక్టులను వదిలేసిన శ్రీనివాస రామానుజన్ కుంభకోణంలో ఉపకారవేతనం పోగొట్టుకుని, ఎఫ్.ఏ. (ఇప్పటి ఇంటర్ లాంటి పరీక్ష) గట్టెక్కలేకపోయారు. 1910 చివర్లో ఆయన నోటు పుస్తకాలు చూసిన నెల్లూరు కలెక్టరు రామచంద్రరావు పాఠాలేమీ చెప్పలేదు, నెలకు 25 రూపాయలు ఏర్పాటు చేసి, లెక్కలు చేసుకోనిచ్చారు. తిండి చింత తీర్చడం కూడా విద్యకు తోడ్పాటేనని ఇంతకంటే స్పష్టంగా చూపే ఉదాహరణ నాకు తెలియదు.

పల్లెటూరి పిల్లల్లోని తెలివిని వెతికి పట్టుకునే ప్రయత్నం మన రాష్ట్రాల్లో కొత్తదేమీ కాదు. 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాల పెట్టారు. 1986 జాతీయ విద్యావిధానంతో విస్తరించిన నవోదయ విద్యాలయాల్లో, ఆరో తరగతి ప్రవేశాల్లో కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ విద్యార్థులకే కేటాయిస్తారు. వసతి, భోజనం, పుస్తకాలు అన్నీ అక్కడే దొరకడం వల్ల ఎందరో తొలితరం చదువరులు నిలదొక్కుకున్నారు.

అక్కడ సీటు రాక ఊరి బడిలోనే ఉండిపోయిన పిల్లలకు ఎన్ఎంఎంఎస్ (నేషనల్ మీన్స్-కమ్-మెరిట్ స్కాలర్‌షిప్) అనే కేంద్ర ఉపకారవేతన పరీక్ష ఉంది. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిదో తరగతి చదువుతూ, ఇంటి వార్షికాదాయం మూడున్నర లక్షలు మించనివారు రాయవచ్చు. ఎంపికైతే తొమ్మిది నుంచి పన్నెండు వరకు ఏటా రూ. 12,000 వస్తుంది. ఆధార్‌లో పేరు, బడి రికార్డులో పేరు ఒక్క అక్షరం తేడాగా ఉన్నా దరఖాస్తు చిక్కుల్లో పడుతుంది కనుక ఏడో తరగతిలోనే సరిచేయించుకోవాలి. ఏటా స్కాలర్‌షిప్ పోర్టల్‌లో రెన్యువల్ కూడా చేయించాలి. ఇంటర్‌కు వేరే కాలేజీలో చేరాక ఆ సంగతి గుర్తుచేసేవారు ఉండరు, అందుకే పాత బడి మాస్టారే ఒక ఫోన్ చేసి అడగడం మంచిది.