ఇంటిపేరు ఒకటే అయితే బంధువులా? మొరాకోలో నా రెసిడెన్స్ కార్డు అనుభవం

కాకినాడ నుంచి అల్ జదీదాకి నేను వచ్చింది 2024 జనవరిలో. మా ఆయన అప్పటికే ఏడాదిగా ఇక్కడ ఎరువుల ఫ్యాక్టరీలో పని చేస్తున్నారు. మొరాకోలో అట్లాంటిక్ ఒడ్డున, కాసాబ్లాంకాకి దక్షిణంగా సుమారు వంద కిలోమీటర్ల దూరంలో ఉంది ఈ ఊరు. పోర్చుగీసువాళ్లు కట్టుకుని 1769లో వదిలేసి వెళ్లిన కోట ఇప్పటికీ సముద్రం మీదికి నిలబడి ఉంటుంది. ఊరు దాటి కొంచెం వెళ్తే జోర్ఫ్ లాస్ఫర్ రేవు. ఖురీబ్గా గనుల్లో తవ్విన ఫాస్ఫేట్‌ని, అంటే ఎరువుల ముడిసరుకుని, నీళ్లలో కలిపి, 187 కిలోమీటర్ల పైపులైన్‌లో అక్కడికి పంపిస్తారు. మన దేశానికి వచ్చే ఫాస్ఫారిక్ యాసిడ్‌లో కొంత ఆ రేవులోనే ఓడెక్కుతుంది. ఆ సంగతి తెలిశాక ఈ సముద్రం నాకు కొంచెం దగ్గరైనట్టు అనిపించింది.

మూడు నెలలు దాటి ఉండాలంటే రెసిడెన్స్ కార్డు తప్పదు. ఇక్కడ అందరూ ఫ్రెంచ్‌లో ‘కార్త్ ద సెజూర్’ అంటారు. ఇచ్చేది పోలీసు శాఖ. ఫొటోలు, పాస్‌పోర్టు జిరాక్సులు, డాక్టరు సర్టిఫికెట్ సులువుగానే అయిపోయాయి. అద్దె అగ్రిమెంటు మీద, నా బాధ్యత ఆయనదేనని రాసిచ్చిన కాగితం మీద సంతకాలు మాత్రం ‘ముఖాతా’లో, అంటే మన వార్డు ఆఫీసులాంటి చోట, గుమాస్తా ముందు పెట్టి ముద్ర వేయించుకోవాలి. పెళ్లి సర్టిఫికెట్‌కి ఇండియాలోనే అపోస్టిల్, అంటే విదేశాల్లో చెల్లేలా వేసే ప్రభుత్వ ముద్ర, వేయించుకుని వచ్చాను. ఇక్కడ గుర్తింపు ఉన్న అనువాదకుడి చేత ఫ్రెంచ్‌లోకి మార్పించాం. ఇంక పని అయిపోయినట్టే అనుకున్నాను.

కౌంటర్‌లో కూర్చున్న ఆవిడ కాగితాలన్నీ ఓపిగ్గా చూసి, నా పాస్‌పోర్టు ఆయన పాస్‌పోర్టు పక్కన పెట్టి, మర్యాదగానే అడిగింది: “ఇద్దరి ఇంటిపేరూ ఒకటే. మీరిద్దరూ బాబాయి, పెదనాన్న పిల్లలా?”

నాకు ఒక్క క్షణం నోట మాట రాలేదు. మనలో మేనరికాలు ఉన్నాయి గానీ, ఒకే ఇంటిపేరువాళ్లు అన్నాచెల్లెళ్ల వరసే అవుతారు కదా. ఇక్కడ అలా కాదు. పెళ్లయినా ఆడపిల్ల తన పుట్టింటి పేరే ఉంచుకుంటుంది, పిల్లలకు తండ్రి ఇంటిపేరు వస్తుంది. కాబట్టి భార్యాభర్తలది ఒకే ఇంటిపేరైతే, తండ్రి వైపు దాయాదులు పెళ్లి చేసుకున్నారని అనుకోవడం వాళ్లకు మామూలే. పెళ్లి సర్టిఫికెట్‌లో నా పుట్టింటి పేరు ఉంది, పాస్‌పోర్టులో అత్తింటి పేరు. రెండు పేర్లూ ఒకే మనిషివని కాగితం తెస్తేనే ఫైలు తీసుకుంటామని చెప్పారు. గడువు దగ్గర పడుతోంది. టెన్షన్‌తో ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు పై అంతస్తు పెద్దావిడ తలుపు తట్టింది. ఆవిణ్ణి నేను ‘ఖాల్తి’ అని పిలుస్తాను. అమ్మ తోడబుట్టినామె అని అర్థం, మన పిన్నీ పెద్దమ్మా కలిసిన మాట. ఈ ఊళ్లో వయసులో పెద్దవాళ్లను పరాయివాళ్లయినా అలాగే పిలుస్తారు. నా ముఖం చూసి ఏమీ అడక్కుండా తనింటికి తీసుకెళ్లింది. కూజాలో గ్రీన్ టీ ఆకు, గుప్పెడు పుదీనా, పెద్ద చక్కెర గడ్డ వేసి మరిగించింది. మొదటి గ్లాసు పోసి, తాగకుండా తిరిగి కూజాలోనే వంచేసింది. అలా రెండుసార్లు చేస్తే చక్కెర బాగా కలుస్తుందట. తర్వాత కూజాని భుజం ఎత్తుకి లేపి, సన్నటి ధారగా నురగ వచ్చేలా పోసింది. రెండో గ్లాసు అయ్యేదాకా కాగితాల ఊసే ఎత్తలేదు. అప్పుడు చెప్పాను.

ఆవిడ ఆశ్చర్యపోయింది. “మీ నాన్న పేరు ఎందుకు వదిలేశావమ్మా? ఆయనేమీ అనలేదా?” అంది. నిజంగా బాధపడుతూ అడిగిందా మాట. పెళ్లయిన నెలకే పాస్‌పోర్టు మార్పించుకున్నాను నేను. ఎందుకని నన్నెవరూ అడగలేదు, నేనూ ఆలోచించలేదు.

తర్వాత పనంతా రబాత్‌లోనే. కాసాబ్లాంకాలో రైలు మారి రాజధానికి వెళ్లి, మన రాయబార కార్యాలయంలో రెండు పేర్లూ నావేనని లెటర్ తీసుకున్నాను. మళ్లీ అనువాదం, మళ్లీ ముద్ర.

ఈలోగా రంజాన్ వచ్చేసింది. మొరాకోలో ఏడాదంతా ఉండే సమయాన్ని రంజాన్ నెలకు ఒక గంట వెనక్కి జరుపుతారు. ఆ ఏడాది మార్చి 10న, ఆదివారం మార్చారు. ఆఫీసు వేళలు కూడా తగ్గుతాయి. ముందురోజు రాత్రి ఖాల్తి ఫోన్ చేసి, గోడ గడియారం సరిచేసుకోమని గుర్తు చేసింది. ఈసారి కౌంటర్ దగ్గర నేను తొందరపడలేదు. ముందు ‘సలాం’, తర్వాత ‘లాబాస్?’ అంటే కులాసాయేనా అని, ఇంట్లోవాళ్లు బాగున్నారా, ఉపవాసం ఎలా సాగుతోంది, ఇవన్నీ అయ్యాకే లెటర్ ఇచ్చాను. ఆవిడ చదివి, ఫారంలో తండ్రి పేరు ఉన్న గడి దగ్గర వేలు పెట్టి, నాన్నగారి పేరు నా చేత పైకి చెప్పించి సరిచూసుకుంది. రసీదు చేతికిచ్చింది. కార్డు వచ్చేదాకా ఆ రసీదే ఆధారం.

ఆ సాయంత్రం ఇఫ్తార్‌కి ఖాల్తి పిలిచింది. ఖర్జూరం, హరీరా సూప్, తేనెలో ముంచిన షెబాకియా మిఠాయి. నా కోసం హరీరా మాంసం లేకుండా విడిగా కాచింది. అంతకుముందు ఓ శుక్రవారం ఆవిడ ఏడు కూరగాయల కుస్‌కుస్ (గోధుమ రవ్వతో చేసే వంటకం) పంపిన గిన్నె నా దగ్గరే ఉండిపోయింది. ఖాళీ గిన్నె ఎలా ఇస్తాం? పులిహోర కలిపి తీసుకెళ్లాను. వాళ్ల చిన్న మనవరాలు పల్లీలన్నీ ఏరుకుని తింటుంటే, ఖాల్తి అక్కడున్న చుట్టాలందరికీ నన్ను పరిచయం చేసింది. మా నాన్నగారి పేరు చెప్పి, ఆయన కూతురినని.