నేల మీదే దారి తప్పితే

నేను చిన్న విమానాలు నడుపుతానని తెలిసినవాళ్ళు ముందు అడిగేది ఒకటే: "గాల్లో ఇంజిన్ ఆగిపోతే ఎలా?" దానికి మాకు శిక్షణలో పదే పదే సాధన చేయిస్తారు, కాబట్టి జవాబు చెప్పగలను. నాకు టెన్షన్ పెట్టేది వేరు. చక్రాలు నేల మీద ఉన్నప్పుడో, నేలను తాకబోయే ఆఖరి నిమిషంలోనో, ఉండాల్సిన చోట కాకుండా ఇంకోచోట ఉండటం.

నేను శాన్‌హోసేలోని రీడ్ హిల్‌వ్యూ అనే చిన్న విమానాశ్రయం నుంచి సెస్నా 172 నడుపుతాను. అక్కడ పక్కపక్కనే రెండు రన్‌వేలు: 31 ఎడమ, 31 కుడి. 31 అంటే దిక్సూచిలో 310 డిగ్రీలు. వేరే దిశలో ఉన్న రన్‌వే మీదకి పొరపాటున వెళ్తే దిక్సూచి పట్టిస్తుంది. కానీ ఈ రెండింటికీ దిశ ఒకటే. ఎడమా కుడా అనేది మన చెవులూ కళ్ళే తేల్చుకోవాలి. అందుకే మా ఇన్‌స్ట్రక్టర్, టవర్ (విమానాల రాకపోకలు నడిపించే కంట్రోలర్లు ఉండే చోటు) ఇచ్చిన రన్‌వే పేరును రేడియోలో తిరిగి చెప్పడంతో సరిపెట్టుకోనివ్వలేదు. విమానం మలుపు తిరిగిన ప్రతిసారీ ఆ పేరును పైకి అనిపించేవారు.

ఇది కొత్తవాళ్ళకే అవసరమైన జాగ్రత్త అనుకుంటే హారిసన్ ఫోర్డ్ సంగతి చూడండి. సినిమా నటుడే, కానీ దశాబ్దాల అనుభవం ఉన్న పైలట్ కూడా. 2017 ఫిబ్రవరి 13న దక్షిణ కాలిఫోర్నియాలోని జాన్ వేన్ విమానాశ్రయంలో ఆయనకి 20 ఎడమ రన్‌వే మీద దిగమని అనుమతి ఇచ్చారు. ఆయన తన చిన్న హస్కీ విమానాన్ని పక్కనున్న టాక్సీవే మీద, అంటే విమానాలు రన్‌వే దాకా నేల మీద నడిచే దారి మీద దించారు. దిగే ముందు, అక్కడ ఉన్న అమెరికన్ ఎయిర్‌లైన్స్ 737 మీదుగా వచ్చారు. అందులో 110 మంది ప్రయాణికులు, ఆరుగురు సిబ్బంది ఉన్నారు. ఎవరికీ ఏమీ కాలేదు. రన్‌వే మీద గీతలు తెల్లగా ఉంటాయి, టాక్సీవే మీద పసుపుపచ్చగా. ఆ తేడా ఆయనకి తెలియక కాదు. కదులుతున్న పెద్ద విమానం మీదకి దృష్టి పోయిందని, ముందు దిగిన ఎయిర్‌బస్ వల్ల గాలి కుదుపులు కూడా తగిలాయని ఆయనే కంట్రోలర్‌కి ఫోన్‌లో చెప్పారు. మనసు ఒకసారి "అదే రన్‌వే" అని ఖాయం చేసుకుంటే, ఆ తర్వాత కంటికి పసుపు గీతలు కనిపించినా మెదడుకి ఎక్కవు.

అదే ఏడాది జూలైలో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎయిర్ కెనడా ఎయిర్‌బస్ కూడా రాత్రిపూట టాక్సీవేనే రన్‌వే అనుకుని కిందికి వచ్చింది. అక్కడ నాలుగు విమానాలు వరుసలో ఉన్నాయి. చివరి క్షణంలో పైకి లేచింది. అది ఇద్దరు వృత్తి పైలట్లు ఉన్న కాక్‌పిట్. చిన్న విమానంలో సాధారణంగా ఒక్కరమే ఉంటాం, తప్పు పట్టుకునే రెండో జత కళ్ళు ఉండవు.

దిగేటప్పుడు అనుమానం వస్తే మళ్ళీ పైకి లేవచ్చు. నేల మీద తప్పు దారిలో వెళ్తుంటే, తప్పని తెలిసేలోపే ఆలస్యమైపోవచ్చు. 2001 అక్టోబర్ 8న మిలాన్‌లోని లినాటేలో జరిగింది చదివిన ప్రతిసారీ నాకు కడుపులో దేవినట్టవుతుంది. దట్టమైన పొగమంచు. సెస్నా సైటేషన్ అనే చిన్న ప్రైవేట్ జెట్‌ని ఆర్5 దారిలో ఉత్తరంగా వెళ్ళమన్నారు. పైలట్ ఆర్5 అని సరిగ్గానే తిరిగి చెప్పి, ఉత్తరం అన్న మాట వదిలేశాడు. తర్వాత ఆర్6లోకి మళ్ళాడు. అది నేరుగా ప్రధాన రన్‌వే మీదకి పోయే దారి. మధ్యలో ఎస్4 అనే గుర్తు కనబడితే టవర్‌కి చెప్పాడు కూడా. ఆ గుర్తు కంట్రోలర్ దగ్గరున్న మ్యాప్‌లో లేదు. అయినా ఆ గుర్తు ఎక్కడుందని కంట్రోలర్ గుచ్చి అడగలేదు, తను ఎక్కడున్నానని పైలట్ అడగలేదు. పాత గ్రౌండ్ రాడార్ తీసేశారు, కొత్తది ఇంకా వాడకంలోకి రాలేదు. దారుల గుర్తులు కూడా ప్రమాణాల ప్రకారం లేవు. టేకాఫ్‌కి పరుగెడుతున్న ఎస్ఏఎస్ సంస్థ ప్రయాణికుల విమానం ఆ జెట్‌ని ఢీకొట్టి, సామాన్ల హ్యాంగర్‌లోకి దూసుకుపోయింది. మొత్తం 118 మంది చనిపోయారు.

పైలట్ తప్పు ఉంది, ఒప్పుకుంటాను. కానీ తప్పంతా ఆయన మీదే వేసి ఊరుకోవడం నాకు నచ్చదు. గుచ్చి అడిగి ఉండాల్సినవాళ్ళు ఇద్దరు, పైలట్, కంట్రోలర్; ఇద్దరూ అలా అడగలేదు. మనలో చాలామందికి చిన్నప్పటి నుంచీ ఉన్న మొహమాటం, "అడిగితే ఏమనుకుంటారో" అన్న జంకు, రేడియోలో ఇంకా పెరుగుతుంది. ఆ ఫ్రీక్వెన్సీలో ఉన్న అందరూ వింటారు కదా. కొత్త విమానాశ్రయానికి వెళ్తే నేను మొదటి మాటలోనే "ఈ చోటు నాకు కొత్త, ప్రోగ్రెసివ్ టాక్సీ కావాలి" అంటాను. అప్పుడు గ్రౌండ్ కంట్రోలర్ ఒక్కో మలుపూ చెబుతూ తీసుకెళ్తారు. ఇప్పటిదాకా ఎవరూ విసుక్కోలేదు.

తప్పు జరిగాక దాన్ని బయటపెట్టడం కూడా అంతే ముఖ్యం. ఫోర్డ్ తనే టవర్‌తో మాట్లాడి ఒప్పుకున్నారు. విచారణ తర్వాత అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ ఆయన లైసెన్స్ జోలికి పోలేదు. కొంతమంది మిత్రులు పలుకుబడి అంటారు, నేను ఒప్పుకోను. మామూలు పైలట్లకీ ఇలాంటి వెసులుబాటు ఉంది. నాసా నడిపే ఏఎస్ఆర్ఎస్ అనే పొరపాట్ల నివేదిక వ్యవస్థకి ఏ పైలట్ అయినా తన పొరపాటు రాసి పంపవచ్చు. పేర్లు తీసేసి దాన్ని అందరికీ అందుబాటులో పెడతారు. కావాలని చేసింది కాకుండా, పది రోజుల్లోపు పంపితే, సాధారణంగా జరిమానా గానీ లైసెన్స్ సస్పెన్షన్ గానీ ఉండదు. శిక్ష భయంతో అందరూ నోరు మూసుకుంటే, రెండు దారులు ఒకేలా కనిపించే ఆ మలుపు దగ్గర తర్వాత వచ్చేవాడూ తప్పుతాడు.

నాతో పాటు ఎక్కే స్నేహితులకి ముందే ఒక మాట చెబుతాను. ఇంజిన్ స్టార్ట్ చేసినప్పటి నుంచి పైకి లేచి కుదురుకునే దాకా కబుర్లు వద్దు, ఫొటోలకి నన్ను పిలవద్దు. దిగేటప్పుడూ అంతే. కానీ దగ్గర్లో ఇంకో విమానం కనిపిస్తే మాత్రం, నేను చూసే ఉంటానులే అనుకోకుండా వెంటనే వేలెత్తి చూపించండి. మీరు ఎవరి చిన్న విమానంలో ఎక్కినా, ఆయన అడగకపోయినా, ఇలాగే చేయండి.