తెగిన క్లచ్ కేబుల్‌ని పారేయకండి, ముందు ఎక్కడ తెగిందో చూడండి

సంక్రాంతికి ఒకటి, ఉగాదికి ఒకటి అన్నట్టు మా 1997 మోడల్ మారుతి 800 క్లచ్ కేబుళ్లు, అంటే క్లచ్ పెడల్‌ని గేర్‌బాక్స్ దగ్గరి లివర్‌కి కలిపే తీగలు, తింటూ వచ్చింది. మామూలుగా ఒక కేబుల్ ఏళ్ల తరబడి రావాలి. మాకు నెలలే. ఎవరికి చూపించినా ఒకటే మాట, లోకల్ కేబుల్ వేయించి ఉంటారు, ఒరిజినల్ వేయించండి అని. అదీ వేయించాం, అదీ తెగింది. పైగా బండి ఎక్కువగా తిరిగేది విజయనగరం లోపలే, గంటస్తంభం, మూడు లాంతర్లు, కోట చుట్టుపక్కల, ఎక్కడా నాలుగో గేరు పడే సందు ఉండదు కాబట్టి ‘హాఫ్ క్లచ్ మీద (పెడల్ సగం తొక్కి ఉంచి) తోలుతున్నారు’ అనే నింద కూడా మాకే. హాఫ్ క్లచ్ వల్ల క్లచ్ ప్లేటు అరుగుతుంది, కేబుల్ ఇన్నిసార్లు తెగడానికి అది చాలదు. చెప్తే ఎవరూ వినరు.

అసలు సంగతి బయటపడింది సాలూరులో. రామభద్రపురం దాటాక క్లచ్ పెడల్ ఒక్కసారిగా కిందికి దిగిపోయి మళ్లీ లేవలేదు. ఇలాంటప్పుడు రోడ్డు ఖాళీగా ఉంటే ఒక దారి ఉంది: ఇంజన్ ఆపి, ఫస్ట్ గేరు వేసి, ముందు ఎవరూ లేరని చూసుకుని కీ తిప్పితే స్టార్టర్ మోటారే బండిని కదిలించేస్తుంది, ఆ కదలికలోనే ఇంజన్ అందుకుంటుంది. తర్వాత యాక్సిలరేటర్ వదిలి న్యూట్రల్‌కి లాగి, రేసు తగ్గుతుండగా రెండో గేరుని బలవంతం చేయకుండా ఆనించి పట్టుకుంటే దానంతట అదే పడుతుంది. ఊరి మధ్యలో, ఘాట్ రోడ్డులో మాత్రం ఈ ప్రయోగాలు వద్దు, తాడు కట్టి లాగించుకోవడమే నయం.

సాలూరంటే లారీల ఊరు, పని తెలిసిన చేతులకి అక్కడ కొదవ లేదు. కేబుల్ విప్పించాక పక్కనే ఉన్న లారీ ఎలక్ట్రీషియన్, కాస్త పెద్దాయన, పాతదాన్ని అడిగి తీసుకుని అటూ ఇటూ వంచి చూసి, “కేబులు తప్పేటీ లేదు బాబూ, ఇది కాలిపోనాది, సూడండి” అన్నారు. నిజమే, పై తొడుగు ఒకచోట మెత్తబడి ఉబ్బింది, లోపలి ప్లాస్టిక్ లైనింగ్ కరిగి తీగకి అంటుకుపోయింది.

కారణం ఎర్త్, అంటే కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి. సెల్ఫ్ కొట్టినప్పుడు స్టార్టర్ మోటారు వంద ఆంపియర్ల లెక్కలో కరెంటు లాగుతుంది, అదంతా ఇంజన్ బాడీ మీదుగా బ్యాటరీ నెగిటివ్‌కి తిరిగి వెళ్లాలి. ఇంజన్ కూర్చునేది రబ్బరు మౌంటింగుల మీద, కాబట్టి లావుపాటి ఎర్త్ వైరే దానికి దారి. ఆ వైరు పాడైతే కరెంటు ఊరుకోదు, ఇంజన్‌నీ బాడీనీ కలిపే ఇనప తీగ ఏది దొరికితే దానిలోంచి పోతుంది, అంటే క్లచ్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్, చోక్ కేబుల్. సెల్ఫ్ కొట్టిన ప్రతిసారీ కాస్త కాస్త వేడెక్కి లైనింగ్ కరుగుతుంది, తీగ బిగుస్తుంది, మనం కాలితో ఇంకా గట్టిగా తొక్కుతాం, చివరికి ఒక్కో పోగూ తెగిపోతుంది. చోక్ నాబ్ ఎందుకంత గట్టిగా వస్తోందో కూడా అప్పుడే అర్థమైంది.

ఇంటికొచ్చాక మల్టీమీటర్‌తో చూశాను. 20 వోల్టుల డీసీ రేంజిలో పెట్టి, ఎర్ర ప్రోబు ఇంజన్ మీద శుభ్రమైన లోహానికి, నల్లది బ్యాటరీ నెగిటివ్ పోస్టుకి (పైనున్న క్లాంపుకి కాదు, పోస్టుకే) ఆనించి, మా తమ్ముడిని సెల్ఫ్ కొట్టమన్నాను. 0.2 వోల్టుల లోపు ఉంటే మంచిది, అర వోల్టు దాటితే అనుమానించాల్సిందే. మాది రెండు వోల్టులు దాటింది. మీటరు లేకపోతే జంపర్ కేబుల్ ఒకటి తీసుకుని నెగిటివ్ పోస్టునీ ఇంజన్‌నీ నేరుగా కలిపి సెల్ఫ్ కొట్టండి, మోటారు ఒక్కసారిగా చురుగ్గా తిరిగితే ఎర్త్ పోయినట్టే.

పాత ఎర్త్ వైరు పైకి బాగానే కనిపిస్తుంది. తొడుగు కోసి చూస్తే లోపల రాగి అంతా పచ్చగా చిలుము. దాని బదులు 25 స్క్వేర్ ఎంఎం వెల్డింగ్ కేబుల్ ముక్క కొని, రెండు చివర్లా లగ్గులు (బోల్టు పట్టే రింగు ముక్కలు) నొక్కించి, బోల్టు కూర్చునే చోట పెయింటూ తుప్పూ పోయేదాకా ఎమరీ పేపర్‌తో గీకి బిగించాను. పైన కాస్త పెట్రోలియం జెల్లీ రాశాను. ఇప్పుడు మీటరులో రీడింగ్ 0.1 దగ్గర ఉంటోంది. ఖర్చు ఒక కేబుల్ మార్పించే కూలి కంటే తక్కువే.

అంతటితో అయిపోలేదు. కొత్త కేబుల్ వేశాక కొన్ని వారాలకి టార్చి వేసి పెడల్ కింద చూస్తే కొక్కెం దగ్గర రెండు పోగులు లేచి ఉన్నాయి. ఇది కాలడం కాదు, రాపిడి. పెడల్ షాఫ్టు బుష్ (షాఫ్టు తిరిగే చిన్న గొట్టం లాంటి ముక్క) అరిగి పెడల్ పక్కకి ఊగుతోంది, దాంతో కేబుల్ తిన్నగా రాకుండా ఒక పక్కకి ఒరుసుకుంటోంది. బుష్ వెంటనే దొరకలేదు, లేత్ షాపులో గన్‌మెటల్‌తో తిప్పించాను, ఊపు పోయింది. గేర్‌బాక్స్ వైపు తెగితే మాత్రం లివర్ షాఫ్టు బిగుసుకుందేమో, ప్రెజర్ ప్లేటు (క్లచ్ ప్లేటుని స్ప్రింగుతో నొక్కి పట్టేది) ముసలిదైందేమో చూడాలి. మాకు ఆ ప్రెజర్ ప్లేటు కూడా మార్చాల్సొచ్చింది, పెడల్ బరువు సగానికి తగ్గినట్టు అనిపించింది.

కొత్త కేబుల్‌లో గ్రీజు కుక్కమని చాలామంది చెప్తారు. లైనింగ్ ఉన్న రకానికి అది వద్దు, దుమ్ము పట్టి ముద్దైపోతుంది. బిగించేటప్పుడు మాత్రం సైలెన్సర్ పైపుకి తగలకుండా, పదునైన వంపు లేకుండా పాత క్లిప్పుల్లోంచే తీసుకెళ్లాలి. పెడల్‌ని చేత్తో నొక్కితే బరువు తగిలే ముందు అంగుళం లోపు ఖాళీ ఉండాలి. ఖాళీ అసలు లేకపోతే పెడల్ తొక్కినప్పుడు ప్రెజర్ ప్లేటుని నొక్కే రిలీజ్ బేరింగ్ ఎప్పుడూ ఒత్తిడిలోనే ఉంటుంది. కొత్తది మొదట్లో కాస్త సాగుతుంది కాబట్టి వారం తర్వాత ఆ ఖాళీని సరిచేసే నట్టు మళ్లీ చూసుకోవాలి.

సిరిమాను జాతర ట్రాఫిక్ కూడా ఈ కేబుల్‌తోనే గడిచింది. ఇంకా మిగిలింది ఇంజన్ మౌంటింగ్, క్లచ్ వదిలేటప్పుడు ఇంజన్ కాస్త ఎగురుతోంది, అది ఎగిరినప్పుడల్లా కేబుల్‌ని లాగుతుంది. ఆ రబ్బరు విశాఖలో చెప్పి పెట్టాను. వచ్చేదాకా డిక్కీలో ఒక స్పేర్ కేబుల్, స్పానర్లు ఉంటాయి.