లెక్కలోకి రాని చిమ్మిలి

చిన్నది నిద్రపోయింది. నాకే కునుకు పట్టడం లేదు.

సాయంత్రం బడి నుంచి రాగానే డబ్బా మూత తీసి, నువ్వులూ బెల్లమూ దంచి చేసిన చిమ్మిలి ఉండ తింది. ఇష్టంగానే తింది, వేళ్లు కూడా నాక్కుంది. తరవాత ఫోను తీసి ఆ రోజు తిన్నవి ఎక్కించింది. ఇడ్లీ, పప్పన్నం, జామకాయ. చిమ్మిలి లేదు. మరిచిపోయావా అంటే, "అది రాస్తే ఎర్రగా చూపిస్తుందమ్మా" అంది. ఎంత మామూలుగా అందో!

పోషకాహార పాఠం కోసం బడివాళ్లు పెట్టించిన యాప్ అది. నేనూ వెతికి చూశాను. చిమ్మిలి అనే మాటే లేదు. దగ్గరగా ఉందని లడ్డు నొక్కితే చక్కెర, కెలోరీలు లెక్కగట్టి ఎర్ర చుక్క పెట్టింది. నువ్వుల్లోని ఇనుము ఊసే లేదు. ఈ వయసు ఆడపిల్లకు రోజుకు 30 మిల్లీగ్రాముల ఇనుము కావాలని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. అలాంటి దేశంలో నువ్వుల ఉండకు ఎర్ర చుక్కా? పద్నాలుగేళ్ల పిల్ల తిన్నది దాచడం నేర్చుకుంటే అది ఏం చదువు?

నేను పెద్దమనిషినైనప్పుడు నాయనమ్మ తెల్లవారకముందే రోట్లో నువ్వులు, బెల్లం వేసి నూనె తేలేదాకా దంచేది. ఆ రోకటి చప్పుడుకే మెలకువ వచ్చేది. చాప మీద కూర్చోబెట్టి, "నడుము గట్టిపడుతుంది, తిను" అని చేతిలో ఉండ పెట్టేది. ఆ అరచేతి వేడి ఇప్పటికీ గుర్తుంది. ఎందుకు గట్టిపడుతుందని అడిగితే మాత్రం జవాబు ఉండేది కాదు. బడిలో ఐరన్ మాత్రలిస్తే కడుపులో తిప్పుతోందని గోడ అవతలికి విసిరేసేవాళ్లం. అన్నం తిన్నాక వేసుకుంటే అంత తిప్పదని ఎవరూ చెప్పలేదు. పదో తరగతిలో ప్రార్థన వరుసలోనే కళ్లు తిరిగి పడిపోయాను. భోజనం కాగానే గ్లాసుడు టీ ఇచ్చేది కూడా నాయనమ్మే.

అక్కడే నా కోపం కాస్త తగ్గింది. తిన్న వెంటనే టీ తాగితే ఇనుము ఒంటికి సరిగా పట్టదని మొన్న చిన్నదే నా చేతిలో కప్పు చూసి చెప్పింది. ఆ యాప్‌లోని పాఠంలోనే చదివిందట. నాయనమ్మకూ నాకూ అందని ఆ ఒక్క ముక్కా దీనికి పద్నాలుగేళ్లకే అందింది. కాబట్టి ఫోనులోంచి తీసేయమని అనను.

ఎర్ర చుక్క సంగతి మాత్రం వదలను. శనివారం టీచరుగారిని కలిసి, రంగులు తీసేసి మన వంటల పేర్లు చేర్పించమని అడుగుతాను.

రేపు దాని క్యారేజీలో నిమ్మచెక్క పెట్టాలి. పప్పులో పిండుకుంటే ఇనుము బాగా పడుతుందట. అదీ అదే చెప్పింది.