మానే గిటారిస్టు, రంగుల్లేకుండా

రెండు బొమ్మలూ స్క్రీన్ మీద పక్కపక్కనే పెట్టుకుని చూస్తున్నా. ఒకటి ఫ్రెంచ్ చిత్రకారుడు ఎదువార్ మానే 1860లో వేసిన ఆయిల్ పెయింటింగ్, 'స్పానిష్ గాయకుడు': గిటారు వాయిస్తూ పాడుతున్న మనిషి. రెండోది, అదే బొమ్మను ఆయనే రాగి రేకు మీద సూదితో గీసి, యాసిడ్‌లో ముంచి అచ్చు తీసిన ఎచింగ్.

పెయింటింగ్‌లో నా చూపు ముందు నేల మీది ఉల్లిపాయల దగ్గర ఆగింది. ఎచింగ్‌లో మాత్రం నేరుగా ఆ తెరిచిన నోటి మీదకే. నాకు ఇదే ఎక్కువ నచ్చింది.

1861 పారిస్ సలోన్ ప్రదర్శనలో పెయింటింగ్ హిట్టు, ప్రత్యేక ప్రశంస కూడా వచ్చింది. హిట్టయినదాన్ని పది మందికీ చేరేలా అచ్చు వేయాలనిపించడం సహజమే.

అన్నట్టు, ఆ గిటారు తీగలు కుడిచేతి వాటం వాళ్లకు కట్టినవి. ఇతనేమో ఎడమచేత్తో మీటుతున్నాడు! గిటారు వచ్చినవాళ్లు చెప్పండి, అలా వాయిస్తే అసలేం మోగుతుంది?