దోస్ ఓహోస్‌లో తోక లేపిన ట్యాంకు

నీళ్ళలో దిగిన ముప్ఫై నిమిషాలకు నా ఎడమ గాలి ట్యాంకు అడుగుభాగం మెల్లగా పైకి లేచింది. గుహ కప్పు నుంచి వేలాడుతున్న సున్నపురాయి ఊడ దానికి జానెడు దూరంలో ఉంది. వెనకే వస్తున్న డైవింగ్ ఇన్‌స్ట్రక్టర్ చెయ్యి చాపి ట్యాంకును కిందికి నొక్కి పట్టుకున్నారు. నాకు ఒళ్ళు జలదరించింది. మంచుయుగంలో సముద్రమట్టం బాగా తగ్గి ఈ గుహలు పొడిగా ఉన్నప్పుడు, చుక్క చుక్కగా వేల ఏళ్ళపాటు పేరుకున్న ఊడలవి. ఇప్పుడు నీట మునిగి ఉన్నాయి కాబట్టి విరిగితే మళ్ళీ పెరగవు.

మెక్సికోలో తులుమ్‌కి కాస్త ఉత్తరాన, అడవి మధ్యలో ఉంటుంది దోస్ ఓహోస్. స్పానిష్‌లో ‘రెండు కళ్ళు’ అని అర్థం. నేల కూలి ఏర్పడిన రెండు నీటి గుండాలు లోపల గుహతో కలిసి ఉంటాయి. ఇది పక్కనున్న సాక్ అక్తున్ గుహతో కలుస్తుందని 2018 జనవరిలో ప్రకటించారు. అప్పటి లెక్క ప్రకారం మొత్తం పొడవు 347 కిలోమీటర్లు.

నేను అక్కడికి వెళ్ళింది సైడ్‌మౌంట్ నేర్చుకోవడానికి. అంటే ట్యాంకును వీపున మోయకుండా, రెండు ట్యాంకుల్ని ఒంటికి చెరో పక్కన పెట్టుకుని డైవ్ చేయడం. వీపున ట్యాంకుతో దూరలేని ఇరుకు సొరంగాల కోసం గుహ డైవర్లు కనిపెట్టిన పద్ధతి ఇది. ట్యాంకును ఒంటికి ఎలా తగిలించాలన్నది చిన్న విషయమేలే అనుకుంటూ వెళ్ళాను.

పై భాగంలో పెద్ద పేచీ లేదు. వీపు మీదుగా వచ్చే బంజీ, అంటే సాగే తాడు, వాల్వ్ మెడను చుట్టి ట్యాంకును చంకలోకి లాగి పెడుతుంది. కింది భాగాన్ని బోల్ట్ స్నాప్ అనే కొక్కెంతో నడుము దగ్గరి డి-రింగ్‌కి, అంటే D ఆకారపు రింగుకి, తగిలిస్తాం. ఆ కొక్కేన్ని ట్యాంకుకి దేనితో బిగించాలన్న దగ్గరే ఎంపిక మొదలవుతుంది. నేను క్యామ్ బ్యాండ్ తీసుకున్నాను. బకిల్ ఉన్న నైలాన్ పట్టీ అది. ప్రయాణాల్లో రోజూ వేరే అద్దె ట్యాంకులు వస్తాయి. పనిముట్టు ఏదీ లేకుండా ఒక ట్యాంకు నుంచి ఇంకోదానికి మార్చేయొచ్చు కదా అనిపించింది.

పట్టీని పొడిగా ఉన్నప్పుడే బిగించాను. అక్కడే తప్పు జరిగింది. తడిస్తే నైలాన్ సాగుతుంది. బ్యాండ్ వదులై ట్యాంకు చుట్టూ తిరిగింది, వాల్వ్ నాబ్ నా పక్కటెముకల వైపు మళ్ళింది, కొక్కెం ఉండాల్సిన చోటు తప్పింది. దీనికి తోడు అది అల్యూమినియం ట్యాంకు. 11 లీటర్ల ట్యాంకులో 200 బార్ (బార్ అంటే పీడనం కొలత) గాలి నింపితే ఆ గాలి బరువే సుమారు రెండున్నర కిలోల పైన ఉంటుంది. పీల్చే కొద్దీ ఆ బరువు పోతుంది. నిండుగా ఉన్నప్పుడు మునిగే ట్యాంకు ఖాళీ అయ్యే కొద్దీ తేలడం మొదలుపెడుతుంది, ముందుగా లేచేది అడుగుభాగం. స్టీల్ ట్యాంకులతో ఈ గొడవ చాలా తక్కువ.

మర్నాడు పొద్దున బల్ల మీద రెండు హోస్ క్లాంపులు, ఒక స్క్రూడ్రైవర్ పెట్టుకుని కూర్చున్నాను. పైపులకు బిగించే స్టీల్ క్లాంపులే ఇవి. కొక్కేనికి కట్టిన తాడు ముడిని ట్యాంకుకీ క్లాంపుకీ మధ్య ఇరికించి, వాల్వ్ ఏ వైపు చూడాలో సరిచూసుకుని, పావు చుట్టు చొప్పున బిగించాలి. మిగిలిన స్టీల్ కొస బ్లేడులా కోస్తుంది. దానికి రబ్బరు ట్యూబు ముక్క తొడగమన్నారు ఇన్‌స్ట్రక్టర్. నేను తొడిగేలోపే వేలు గీరుకుంది. కొక్కేన్ని క్లాంపుకి నేరుగా కాకుండా తాడుతోనే ఎందుకు కట్టాలో కూడా అప్పుడే చెప్పారు. నీళ్ళలో కొక్కెం పట్టేస్తే తాడును కోసి ట్యాంకును విడిపించుకోవచ్చు. లోహానికి లోహం కడితే కోయడానికి ఏముంటుంది?

క్లాంపు జారదు, తిరగదు, సన్నగా ఒదిగిపోతుంది. కానీ ట్యాంకు మార్చిన ప్రతిసారీ స్క్రూ విప్పాలి. పడవ మీద రోజుకు మూడు డైవ్‌లు చేసేవాళ్ళకు క్యామ్ బ్యాండే నయమని ఇప్పటికీ అంటాను, అయితే తడిపి బిగించాలి, దిగేముందు చేత్తో మెలితిప్పి చూడాలి. గుహలోకి వెళ్ళేటప్పుడు మాత్రం నాకు క్లాంపే కావాలి.

ఎంత గట్టిగా బిగించినా గాలి తగ్గాక తోక లేవడం ఆగదు. అందుకే నడుము బెల్టు మీద ముందువైపు ఇంకో డి-రింగ్ ఉంటుంది. గాలి సగానికి వచ్చాక కొక్కేన్ని అక్కడికి మార్చుకోవాలి. బంజీ వదులుగా ఉంటే ఇది కూడా పనిచేయదు. నా బంజీని రెండు వేళ్ళ మందం కురచ చేశాక గానీ వాల్వ్ చంకలో కుదురుగా కూర్చోలేదు. ఆ సాయంత్రం నీళ్ళు మోకాళ్ళ దాకా ఉన్న చోట నిలబడి, కళ్ళు మూసుకుని, కొక్కెం తీసి ముందు రింగుకి మార్చడం ఇరవై సార్లయినా చేశాను.

మూడో రోజు మళ్ళీ అదే దారి, అదే ఊడలు. 110 బార్ దగ్గర ముందు ఎడమ కొక్కెం, తర్వాత కుడి కొక్కెం మార్చాను. ఇన్‌స్ట్రక్టర్ పక్కకు వచ్చి టార్చి వెలుగుతో నా ట్యాంకుల్ని చూపించారు. రెండూ నా ఒంటికి సమాంతరంగా పడుకుని ఉన్నాయి. వాటికీ ఆ ఊడకీ మధ్య బారెడు నీళ్ళు.