అమ్మ కిడ్నీ, నా సంచి

నాకు కిడ్నీ మార్చారు. అప్పుడు మూత్రనాళంలో పెట్టిన స్టెంట్ అనే సన్న గొట్టం తీసి ఐదో వారం. రక్తంలో క్రియాటినిన్, అంటే కిడ్నీ సరిగా పనిచేయకపోతే పెరిగే వ్యర్థం, 1.2 నుంచి 2.6కి ఎగబాకింది. నొప్పి లేదు, జ్వరం లేదు. యూరిన్ కాస్త తగ్గిందంతే, ఎండలు కదా అనుకున్నా. రిజెక్షనేమో, ఒళ్లు కొత్త కిడ్నీని ఒప్పుకోవట్లేదేమోనని ఇంట్లో అందరి మొహాలూ వాడిపోయాయి. కిడ్నీ ఇచ్చిన అమ్మయితే "నాదే మంచిది కాదేమోరా" అంది. ఆ మాట ఇంకా గుచ్చుకుంటోంది.

అల్ట్రాసౌండ్‌లో తేలింది, కిడ్నీ ఉబ్బి ఉంది. మూత్రనాళాన్ని బ్లాడర్‌కి కుట్టిన చోట సన్నబడిపోయింది. నాళం ఆ చివరికి రక్తం తక్కువ అందుతుందట, అందుకే ఎక్కువగా అక్కడే బిగుసుకుంటుందట. మరి నొప్పి ఎందుకు రాలేదంటే, మార్చిన కిడ్నీకి నరాలు కలపరు. లోపల ఎంత పొంగినా పాపం అది చెప్పుకోలేదు. ఈ ముక్క డిశ్చార్జి రోజు ఒక్కరైనా చెప్పి ఉంటే!

కుడి పొత్తికడుపు మీంచి కిడ్నీలోకి సన్న గొట్టం వేసి, మూత్రం దిగే సంచి తగిలించారు. సాయంత్రానికి అమ్మ సంచి మీద గీతల్ని వేలితో లెక్కపెట్టి, "ఎనిమిది వందలురా!" అంది, గేదె పాలు కొలిచినట్టు.

బెలూన్‌తో వెడల్పు చేసి మళ్లీ స్టెంట్ వేశారు. ఇవాళ క్రియాటినిన్ 1.4. సంచి మాత్రం ఇంకా లుంగీకి పిన్నీసుతో వేలాడుతోంది.